అడవి పనులకు మార్చి 31 గడువు వద్దు
జాతీయ ఉద్యానాల్లో పనులు మంజూరు చేసే అధికారులకు, చేయించే ఇంజనీర్లకు, చేసే కాంట్రాక్టర్లకు బహిరంగ లేఖ

అధికారులకు, ఇంజనీర్లకు, కాంట్రాక్టరు సోదరులకు నమస్కారం.

నేను బెంగళూరు పక్కన ఆనేకల్ తాలూకాలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. కల్వర్టులు, చెక్ డ్యాములు, ఏనుగు కందకాలు, కుంటల పూడికతీత, అటవీ సిబ్బంది క్వార్టర్లు, ఇలాంటి చిన్న పనులకు సైటు సూపర్‌వైజరుగా ఉంటూ వస్తున్నాను. నా దగ్గర పనిచేసే మేస్త్రీలు, కూలీలు చాలావరకు అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. అడవి అంచు ఊళ్ళలో మా బంధువులకు రాగి చేలున్నాయి. కాబట్టి ఈ పనులు కట్టేవాళ్ళకూ తెలుసు, వాటి పక్కన బతికేవాళ్ళకూ తెలుసు. ఇద్దరి మాటా కలిపి రాస్తున్నాను.

ఈ విషయాలు ఇప్పటికే అర్జీలుగా ఇచ్చాం. రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. అడిగితే "చూస్తాం" అన్నారు. అందుకే అందరి ముందూ రాయాల్సి వస్తోంది. నేను చెప్పబోయే సంఘటనలు ఏ రేంజిలో (అటవీ శాఖ విభాగంలో) జరిగాయో, ఏ ఆఫీసు చేయించిందో, కాంట్రాక్టరు ఎవరో కావాలనే రాయడం లేదు. ఒకరిని బదిలీ చేస్తే తీరే సమస్య కాదిది. పనులు మంజూరయ్యే పద్ధతి మారాలి.

మా మాట ఒక్కటే. అడవిలో చేసే పని అడవి ఏడాదిని బట్టి జరగాలి, ఆర్థిక సంవత్సరాన్ని బట్టి కాదు. కట్టడానికి డబ్బు ఇచ్చిన రోజే దాన్ని నిలబెట్టుకోవడానికీ డబ్బు ఇవ్వాలి.

బెంగళూరును ఆనుకున్న బన్నేరుఘట్ట అడవి సంగతి మీకు తెలియనిది కాదు. 1974లో జాతీయ ఉద్యానమైంది, విస్తీర్ణం దాదాపు 260 చదరపు కిలోమీటర్లు. జూ, సఫారీ ఉన్న భాగం 2002లో వేరుపడింది, దాని నిర్వహణ వేరు. నేను మాట్లాడేది మిగతా అడవి గురించి, అలాంటి అడవులన్నిటి గురించి. ఇది ఉత్తర దక్షిణాలుగా సన్నగా సాగిన అడవి. సన్నటి అడవికి అంచు ఎక్కువ. అంచు ఎక్కువైతే ఆనుకున్న ఊళ్ళు ఎక్కువ, తవ్వాల్సిన కందకం ఎక్కువ, కాపాడాల్సిన కంచె ఎక్కువ. దక్షిణాన కావేరి అభయారణ్యం, తూర్పున తమిళనాడు వైపు తళి, జవళగిరి అడవులు. ఏనుగులకు ఇవన్నీ ఒకటే. కరడిక్కల్-మహదేశ్వర కారిడార్ లాంటి ఇరుకు దారుల్లో అవి ఏటా తిరుగుతూనే ఉంటాయి. ఉద్యానం చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని 2016 ముసాయిదాలో 268.96 చదరపు కిలోమీటర్లుగా చూపించి, 2020 తుది నోటిఫికేషన్‌లో 168.84కు తగ్గించారు. ఆ తగ్గింపు తప్పని నా అభిప్రాయం, కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు. బయటి రక్షణ వలయం అంత చిక్కిపోయాక, అంచున చేసే ప్రతి గజం పనీ ఇంకా జాగ్రత్తగా చేయాలన్నదే ఇక్కడ చెప్పదలిచింది.

ఇప్పుడు పనుల వేళ సంగతి.

మా వైపు అడవికి ఒక క్రమం ఉంది. జనవరికి ఆకు రాలి గడ్డి ఎండుతుంది. అప్పటి నుంచి మే వానల దాకా నిప్పు భయం. అగ్గి రేఖలు, అంటే నిప్పు దాటకుండా గడ్డి తీసేసిన ఖాళీ పట్టీలు, డిసెంబరు, జనవరిలోనే చెక్కి, కాల్చి, శుభ్రం చేసుకోవాలి. 2019 ఫిబ్రవరిలో బందీపూర్‌లో వేల ఎకరాలు కాలిపోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. కుంటలు మార్చి, ఏప్రిల్‌లో అడుగంటుతాయి. ఎండిన కుంటకు పూడిక తీయాల్సింది అప్పుడే, మే నెల ఉరుముల వానలు పడకముందే. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గట్టి వానలు. నవంబరు, డిసెంబరులో రాగి కోతలు, ఆ వాసనకు ఏనుగులు అంచుకు వచ్చేస్తాయి. అంటే కందకాలు, కంచెలు బాగు చేసే పని అక్టోబరు దాటకుండా అయిపోవాలి.

మరి మన ఫైలు ఎలా నడుస్తుంది? ఏప్రిల్‌లో బడ్జెట్. ఆ తర్వాత ప్రతిపాదన, ఎస్టిమేట్, సాంకేతిక మంజూరు, టెండర్, ఒప్పందం. వర్క్ ఆర్డరు చేతికొచ్చేసరికి డిసెంబరో జనవరో అవుతుంది. మార్చి 31 లోపు బిల్లు పెట్టాలి, లేకపోతే నిధులు మురిగిపోతాయి. దాంతో కందకం, కల్వర్టు, కుంట, క్వార్టర్లకు సున్నం, కాపలా శిబిరానికి రేకులు అన్నీ ఆ మూడు నెలల్లోకే వచ్చి పడతాయి. గడ్డి అగ్గిపుల్లలా ఉన్న వేళ, మిగిలిన నాలుగు నీటి గుంటల చుట్టూ జంతువులన్నీ చేరిన వేళ, టిప్పర్లు, జేసీబీలు, వెల్డింగ్ సెట్లు, బీడీలు కాల్చే మనుషులు అడవిలోకి దిగుతారు. ఏనుగు పంటకొచ్చే డిసెంబరుకు కందకం ఇంకా కాగితం మీదే ఉంటుంది. పంట పోయాక జనవరిలో తవ్వుతారు.

ఒక మార్చిలో నా కళ్ళెదుట జరిగింది చెబుతాను. అడవి లోపలి దారిలో ఒక కల్వర్టుకు శ్లాబు వేశారు, నెల మూడో వారంలో. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) లాంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. శ్లాబు మీద పరిచిన గోనెపట్టాలు పొద్దున్నే తడిపితే పదకొండింటికల్లా అట్టల్లా బిగుసుకుపోయేవి. లోపలికి నీళ్ళ ట్యాంకరుకు రోజుకు ఒక్కసారే అనుమతి. మూడో రోజు కాంట్రాక్టరు మనుషులు పక్కనున్న కుంటలో మోటారు దించారు. అప్పటికే అందులో మోకాటి లోతు నీళ్ళే ఉన్నాయి. గట్టు చుట్టూ జింకల గిట్టలు, పందుల గిట్టలు, ఒక మూల ఏనుగు అడుగు దిగిన గుంటలో ఊరిన నీళ్ళు. పెద్ద ఏనుగు రోజుకు 150 లీటర్లకు పైగా తాగుతుంది. అలాంటి చోట మోటారు పెట్టొద్దని చెప్పాను, కాగితం మీద కూడా రాసిచ్చాను. మోటారు ఆగలేదు, కుంటలో బురద మిగిలింది. శ్లాబుకు మార్చిలోనే బిల్లు పడింది. సరిగ్గా తడి అందని ఆ శ్లాబు అంచులు తర్వాతి వానల్లో పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. అదే పని వానలు వెనకబట్టాక నవంబరులో చేసుంటే వాగులో మిగిలిన నీళ్ళే సరిపోయేవి.

ఇక నిర్వహణ. నా లెక్కలో అసలు నష్టం జరుగుతున్నది ఇక్కడే.

ఏనుగులను ఆపే సౌర కంచె తీసుకోండి. ఎనర్జైజర్ పెట్టె తీగలోకి దాదాపు సెకనుకు ఒక చిన్న దెబ్బ పంపుతుంది. అది భయపెడుతుంది, చంపదు. ఆ దెబ్బ తీగ చివరి దాకా చేరాలంటే బ్యాటరీ బాగుండాలి, ఎర్తింగ్ బాగుండాలి, తీగ కింద మొక్క ఉండకూడదు. మొదటి వానకు లాంటానా పొద లేస్తుంది, తీగజాతి మొక్కలు స్తంభం పట్టుకుని పైకి పాకుతాయి. పచ్చి కొమ్మ తీగకు తగిలిన ప్రతి చోటా కరెంటు నేలలోకి దిగిపోతుంది. పెట్టె దగ్గర లైటు వెలుగుతూనే ఉంటుంది, రెండు కిలోమీటర్ల అవతల తీగను చేత్తో పట్టుకున్నా ఏమీ కాదు. ఏనుగుకు ఈ సంగతి మనకంటే ముందే తెలుస్తుంది. దంతానికి షాకు కొట్టదని కూడా దానికి తెలుసు. దంతంతో తీగ లాగి, కాలితో స్తంభం వంచి దాటేస్తుంది.

దీన్ని ఆపడానికి కావాల్సింది కొడవలి పట్టుకుని వారానికోసారి కంచె వెంబడి నడిచే మనిషి, బ్యాటరీలో పోయడానికి డిస్టిల్డ్ వాటర్, ఎండాకాలం ఎర్తింగ్ గుంతలో పోయడానికి నాలుగు బిందెల నీళ్ళు. కంచె ఎస్టిమేట్ పక్కన పెట్టి చూస్తే ఇది చాలా చిన్న మొత్తం. కానీ కొత్త కంచెకు దొరికినంత సులువుగా పాత కంచె కింద గడ్డి కోయడానికి డబ్బు దొరకదు. కొన్నేళ్ళకు పాత కంచె స్తంభాల పక్కనే కొత్త కంచెకు గుంతలు తీస్తారు. పాత స్తంభాలు తుప్పు పట్టి అలాగే నిలబడి ఉంటాయి. ఆ వరసలు ఎవరైనా వెళ్ళి చూడవచ్చు.

కందకం కూడా అంతే. దాదాపు 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు అని ఎస్టిమేట్‌లో ఉంటుంది. బండ తగిలిన చోట జేసీబీ ఆగిపోతుంది, ఆ పది గజాలూ అలాగే వదిలేస్తారు. వాగు అడ్డొచ్చిన చోట వదిలేస్తారు. తవ్విన మట్టిని అంచునే పోస్తారు, మొదటి వానకు అది మళ్ళీ లోపలికే దిగుతుంది. కిలోమీటర్ల పొడవున తవ్వి పది గజాలు వదిలేస్తే ఏనుగులన్నీ ఆ పది గజాల్లోంచే వస్తాయి, ఆ ఎదురుగా ఉన్న చేను ఎవరిదో వాడి ఖర్మ. రైలు పట్టాలతో కట్టిన కంచెలు గట్టివే, ఒప్పుకుంటాను. కానీ 2018 డిసెంబరులో నాగరహోళె అంచున పట్టాల కంచె ఎక్కి దాటబోయి ఒక మగ ఏనుగు దాని మీదే ఇరుక్కుని చచ్చిపోయింది. ఎంత గట్టి కట్టడమైనా వేశాక వదిలేసేది కాదు. ఏనుగు ఎక్కడ ఎక్కుతోంది, ఎక్కడ ఆగుతోంది అని చూస్తూ సరిచేస్తూ ఉండాలి. 2023 అంచనాలో కర్ణాటకలో 6,395 ఏనుగులు తేలాయి. వాటితో కలిసి బతకాల్సిన ఊళ్ళకు ఈ పనులే గోడలు, ఇవే తలుపులు.

కుంటల పూడిక గురించి ఒక్క మాట. జేసీబీ డ్రైవరుకు ఎంత లోతు తీస్తే అంత బిల్లు. అడుగున బంకమట్టి పొర ఉంటుంది, నీళ్ళు నిలిచేది దాని మీదే. ఆ పొర తెగిందంటే తర్వాత ఎంత వాన పడ్డా కుంట నిలవదు. నిటారుగా కోసిన గట్లైతే పిల్ల జంతువులు దిగి ఎక్కలేవు. ఇవి తెలిసిన ముసలివాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళను ఎవరూ అడగరు.

ఈ తీరు వల్ల సామాన్యులకు ఏం జరుగుతోందో వరసగా రాస్తున్నాను.

1. రైతు. ఎకరమో, ఎకరంన్నరో రాగి వేసినవాడికి ఆ పంటే ఏడాది ముద్ద. ఆరు ఏనుగులు ఒక్క రాత్రి తిరిగితే తిన్నది కొంత, తొక్కింది మొత్తం. పరిహారానికి అర్జీ, ఫోటోలు, పహణీ, పంచనామా, తిరుగుడు. పరిహారం వచ్చినా అది పంట మొత్తం ధర కాదు. అంతకంటే పెద్ద కష్టం రాత్రి కాపలా. కంచె పనిచేయదని తెలిసిన ఊళ్ళో మగవాళ్ళు నవంబరు నుంచి జనవరి దాకా మంచె మీదే పడుకుంటారు. పొద్దున్నే జిగణి ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్ళాలి. నిద్ర లేని మనిషి, చీకట్లో ఏనుగు. ప్రాణాలు పోయేది ఇలాగే. ఓపిక నశించినవాడు ఎవడో మెయిన్ లైను నుంచి నేరుగా తీగకు కరెంటు లాగుతాడు. దానికి ఏనుగూ చస్తుంది, గొర్రెల వెంట వెళ్ళిన పిల్లాడూ చస్తాడు. ఆ తీగ లాగినవాడిది నేరమే, నేను వెనకేసుకు రావడం లేదు. కానీ పనిచేసే సౌర కంచె ఉన్న ఊళ్ళో ఎవడూ ఆ పని చేయడు.

2. కూలీలు. ఇది మా వాళ్ళ సంగతి, కొంచెం ఎక్కువే చెప్పాలి. ఎస్టిమేట్‌లో సిమెంటు, ఇసుక, స్టీలు, డీజిలు అన్నిటికీ లెక్క ఉంటుంది. కూలీ ఎక్కడ పడుకుంటాడన్నదానికి ఉండదు. రోజూ ఊరికి వెళ్ళి రావడానికి బండి పెట్టరు, పెడితే లాభం తగ్గుతుంది. టార్పాలిన్ గుడారం సైటు పక్కనే వేస్తారు. మరుగుదొడ్డి ఉండదు. ఆడవాళ్ళు చీకటితో లేచి పొదల చాటుకు వెళ్ళాలి, చిరుత తిరిగేది సరిగ్గా ఆ వేళే. వంటకు కట్టెలు ఏరితే గార్డు పట్టుకుంటాడు, ఆయన డ్యూటీ అది. గ్యాసు సిలిండరు కాంట్రాక్టరు ఇవ్వడు. గుడారంలో బియ్యం, ఉప్పు, బెల్లం ఉంటాయి, ఆ వాసన ఏనుగును అర్ధరాత్రి గుడారం దాకా తెస్తుంది. వనపర్తి వైపు నుంచి వచ్చిన ఒక జంట చంటిబిడ్డను చంకనేసుకుని ఇలాంటి రాత్రి రెండు కిలోమీటర్లు పరుగెత్తి కాపలా శిబిరం చేరింది. మర్నాడు వెళ్ళి చూస్తే గుడారం బట్ట చెట్టుకు వేలాడుతోంది, అన్నం గిన్నె అప్పచ్చిలా నలిగి ఉంది. బిడ్డ బతికింది కాబట్టి అది ఎక్కడా నమోదు కాలేదు. 1996లో వచ్చిన నిర్మాణ కార్మికుల సెస్సు చట్టం పేరు మీద పని ఖర్చులో 1 శాతం కార్మికుల సంక్షేమానికని కోస్తూ వచ్చారు. కానీ రాష్ట్రం దాటి వచ్చిన మా వాళ్ళలో కార్డు ఉన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కార్డు లేనివాడి పేరు మీద కోసిన డబ్బు వాడి దాకా రాదు. రేపు ఏనుగు తొక్కి ఒక కూలీ చనిపోతే, అతను అక్కడ పనిచేస్తున్నాడని చెప్పే కాగితం ఏదీ? మస్టరు (హాజరు పట్టీ) మేస్త్రీ జేబులో ఉంటుంది, ఆ సాయంత్రానికి అది మాయమవుతుంది.

3. వాచర్లు. అడవిని నిజంగా కాసేది అంచు ఊళ్ళ నుంచి దినకూలికి, ఒప్పందం మీద తీసుకున్న వీళ్ళే. వాళ్ళుండే శిబిరాల్లో కొన్నిటికి కారే రేకులు, తెగిన సోలార్ లైట్లు, కట్టిన ఏడాదికే పగిలిన నీళ్ళ తొట్టి. రిపేరుకు రాస్తే "కొత్త శిబిరానికి ప్రతిపాదన పంపాం" అని జవాబు. కొత్తది వచ్చేదాకా ఆ కుర్రాళ్ళు తడుస్తూనే ఉంటారు.

4. అడవి దారిలో తిరిగే ఊళ్ళవాళ్ళు. కల్వర్టు తూము ఆకులు, మట్టితో పూడితే వాన నీరు రోడ్డు మీదికి ఎక్కుతుంది, అంచు కోసుకుపోతుంది, బడి పిల్లల బస్సు ఆగిపోతుంది. వానకు ముందు పారలు పట్టుకుని ఇద్దరు మనుషులు ఒక్క పూట పనిచేస్తే సరిపోయేది అది. దానికి బదులు మొత్తం రోడ్డుకు సిమెంటు వేస్తామంటున్నారు. సిమెంటు వేస్తే బండ్ల వేగం పెరుగుతుంది, రాత్రిపూట జింకలు చక్రాల కింద పడతాయి. మాకు కావాల్సింది పారుదల, వేగం కాదు.

5. చిన్న కాంట్రాక్టర్లు. వీళ్ళనూ సామాన్యుల్లోనే లెక్కేస్తాను. అప్పు తెచ్చి పని చేసి, బిల్లు కోసం నెలల తరబడి తిరిగేవాడు తర్వాతి పనిలో సిమెంటు తగ్గించక ఏం చేస్తాడు? మూడు నెలల పనిని మూడు వారాల్లో ముగించమని మార్చిలో ఒత్తిడి చేసి, తర్వాత నాణ్యత లేదని నోటీసు ఇస్తే ఆ తప్పు ఒక్కడిదే కాదు.

ఇవన్నీ చూశాక మేము అడుగుతున్నవి ఇవి. వీటిలో ఏదీ కొత్త చట్టం అడగడం లేదు.

1. ప్రతి పనికీ మంజూరు పత్రంలోనే నెలలు రాయండి. అగ్గి రేఖలకు డిసెంబరు, జనవరి. పూడికకు కుంట ఎండిన రోజుల నుంచి మే మొదటి వారం దాకా. కంచె, కందకం మరమ్మతు అక్టోబరు లోపు. కాంక్రీటు పని వానలు తగ్గాక, వాగులో నీళ్ళుండగా. దీనికి ఎస్టిమేట్లు ముందు ఏడాదే సిద్ధం కావాలి. ఆలస్యమైన పనిని మార్చిలోకి తోసెయ్యకుండా, రెండు ఆర్థిక సంవత్సరాలు కొనసాగే పనిగా మంజూరు చేయించి నిధులు మురిగిపోకుండా చూడాలి. ఆర్థిక శాఖతో మాట్లాడి దీన్ని సాధించాల్సింది మీరే, కూలీలు కాదు.

2. కట్టినవాడికే 5 ఏళ్ళ నిర్వహణ అప్పగించండి. ప్రధాన మంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. రోడ్డు వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్ళు దాన్ని చూసుకోవాలని ఒప్పందంలోనే ఉంటుంది, దానికి వేరే మొత్తం ఉంటుంది. పల్లె రోడ్డుకు కుదిరింది ఏనుగు కంచెకు ఎందుకు కుదరదు? కంచె కింద గడ్డి కోసే పని మాత్రం ఆ ఊరి మనుషులకే నెల జీతం మీద ఇవ్వాలి. కంచె ఆగితే పోయేది వాళ్ళ చేనే కాబట్టి వాళ్ళకంటే బాగా ఎవరూ చూడరు. తీగ చివర వోల్టేజి ఎంతుందో వారానికోసారి కొలిచి పుస్తకంలో రాయాలి, పెట్టె దగ్గర కాదు.

3. కూలీలు చీకటి పడకముందే అడవి బయటికి రావాలి. రానూపోనూ బండి ఖర్చు ఎస్టిమేట్‌లో విడిగా చూపించండి, అప్పుడు కాంట్రాక్టరు దాన్ని మింగలేడు. తప్పనిసరిగా లోపల ఉండాల్సి వస్తే అటవీ శిబిరం పక్కనే, చుట్టూ కంచెతో, గ్యాసు, మరుగుదొడ్డి, లైటుతో చోటు ఇవ్వాలి. లోపలికి వెళ్ళే ప్రతి మనిషి పేరూ గేటు దగ్గర రిజిస్టరులో రాయాలి, దాని నకలు రేంజి ఆఫీసులో ఉండాలి. కార్మికుల కార్డు లేనివాళ్ళకు పని మొదలయ్యే ముందే నమోదు చేయించాలి. పనిలో ఉండగా మనిషి పోతే పరిహారం ఎవరిస్తారో టెండరులోనే రాసి ఉండాలి.

4. పని జరిగే చోట బోర్డు. పని పేరు, మొత్తం, కాంట్రాక్టరు, మొదలు, ముగింపు, నిర్వహణ బాధ్యత ఎప్పటివరకు అన్నవి కన్నడంలో, మా అంచు ఊళ్ళలో తెలుగు, తమిళంలో కూడా. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఈ వివరాలు అడగకముందే బయటపెట్టమంటోంది. కర్ణాటకలో కొనుగోళ్ళ పారదర్శకత చట్టం 1999 నుంచే ఉంది. కందకం కొలతలు ఎం.బుక్కులో (కొలతల పుస్తకంలో) ఎక్కించే రోజు ఆ ఊరి ఇద్దరు రైతులు టేపు పట్టుకోవాలి. బండ దగ్గర వదిలేసిన పది గజాలకు పరిష్కారం చూపించకుండా ఫైనల్ బిల్లు పాస్ కాకూడదు.

5. నక్షా గీసే ముందు ఆ చోట నడవండి. ఇంజనీరు, ఆ బీటు గార్డు, వన్యప్రాణుల నడక తెలిసిన ఒక శాస్త్రజ్ఞుడు, ఊరి మనిషి, నలుగురూ కలిసి. భారత వన్యప్రాణి సంస్థ 2016లోనే రోడ్లు, రైళ్ళు, కరెంటు లైన్ల విషయంలో జంతువులకు దారి ఎలా వదలాలో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని పెద్ద హైవేలకే పరిమితం చేయకండి. మన చిన్న కల్వర్టులో కూడా హ్యూమ్ పైపు (గుండ్రటి సిమెంటు గొట్టం) బదులు పెట్టెలాంటి బాక్సు తూము పెట్టి అడుగున నేలను అలాగే ఉంచితే ముంగిస లాంటి చిన్న జంతువులు దాని కిందే దాటుతాయి.

6. సిమెంటు సంచులు, బైండింగ్ వైరు, విరిగిన సెంట్రింగ్ చెక్క, పెయింటు డబ్బాలు ఒక్కటి కూడా లోపల మిగిలి ఉంటే సెక్యూరిటీ డిపాజిట్ వెనక్కి ఇవ్వకండి. ఇది చెప్పడం సులువు, చేయడమూ సులువే. ఆఖరి బిల్లుకు ముందు ఒకసారి నడిస్తే కనపడుతుంది.

7. కొత్త భవనాలు కొంతకాలం ఆపండి. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 ప్రకారం రక్షిత ప్రాంతాల్లో రోడ్లు, భవనాలు, కంచెలు కట్టే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది, అవి ఆ ప్రాంతం అవసరానికే కావాలి. 2022 సవరణ తర్వాత ఆమోదించిన నిర్వహణ ప్రణాళిక ప్రకారమే పనులు నడవాలి. ఆ ప్రణాళికలో ముందు ఇప్పటికే ఉన్న కట్టడాల జాబితా పెట్టండి. ప్రతి శిబిరం, ప్రతి కల్వర్టు, ప్రతి కుంట, ప్రతి కిలోమీటరు కంచె ఏ స్థితిలో ఉందో రాయండి. అవి బాగయ్యేదాకా కొత్త విశ్రాంతి గదులు, కొత్త స్వాగత తోరణాలు వద్దు.

కాంట్రాక్టరు సోదరులకు వేరే ఒక మాట. మీలో చాలామంది మా జిల్లాలవాళ్ళే, నాకు పని ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. కూలీకి బండి పెట్టడానికి, గ్యాసు ఇవ్వడానికి ప్రభుత్వం రేటు ఇచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ సైటులో మీరు మొదలుపెట్టండి. అధికారుల దగ్గర రేటు పెంచమని అడిగేటప్పుడు మేమూ మీ పక్కన నిలబడతాం.

వచ్చే ఏడాది పనుల ప్రతిపాదనలు పంపకముందే మాకు మూడు కావాలి. ఒకటి, ఈ ఏడు కోర్కెల్లో దేనికి ఒప్పుకుంటారో, దేనికి ఒప్పుకోరో, ఎందుకో రాతపూర్వక జవాబు. రెండు, ఇప్పుడున్న కంచెలు, కందకాల స్థితి మీద అంచు ఊళ్ళవాళ్ళతో కలిసి తనిఖీ, తేదీ ముందుగా ప్రకటించి. మూడు, ఈ అక్టోబరు లోపు కనీసం రాగి చేలకు ఎదురుగా తెగిపోయి ఉన్న కంచెలకు బ్యాటరీలు, వాటి కింద గడ్డి కోయడానికి మనుషులు. తనిఖీకి ఏ రోజు రమ్మన్నా, ఏ ఊరికి రమ్మన్నా కొలత టేపులు, మనుషులతో మేము వస్తాం.

ఇట్లు,
ఆనేకల్ తాలూకాకు చెందిన ఒక సైటు సూపర్‌వైజరు,
తోటి మేస్త్రీలు, కూలీలు, అంచు ఊళ్ళ రాగి రైతుల తరఫున